కొనే ముందు అయిదేళ్ల లెక్క

ప్లేస్టేషన్ కొనాలా, గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకోవాలా? ఇంటర్ చదివే పిల్లల దగ్గర్నుంచి మాదాపూర్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న ముప్పయ్యేళ్ల వాళ్ల దాకా ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. వాళ్లకు వెంటనే దొరికే జవాబులు రెండే. ‘కన్సోల్ చవక’ అంటారు కొందరు. ‘పీసీయే పవర్‌ఫుల్’ అంటారు ఇంకొందరు. రెండింట్లోనూ సగం నిజమే ఉంది. సగం నిజాన్ని నమ్మి డెబ్బై, ఎనభై వేలు ఖర్చుపెట్టకండి. మన ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు. చాలామంది కుర్రాళ్లు సొంతంగా తీసుకునే మొదటి పెద్ద కొనుగోలు నిర్ణయం ఇదే. అందుకే దీన్ని శ్రద్ధగా తీసుకోమంటాను. ఇక్కడ లెక్క వేయడం అలవాటైనవాళ్లు రేపు బండి కొనేటప్పుడూ, కోచింగ్ ఫీజు కట్టేటప్పుడూ, ఇంటి లోన్ కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడూ అదే అలవాటుతో కూర్చుంటారు.

పద్ధతి చిన్నదే. షాపువాళ్లు చెప్పిన ధరను కాసేపు పక్కన పెట్టండి. ఆ మిషన్‌తో మీరు అయిదేళ్లు గడుపుతారు. ఆ అయిదేళ్లలో దాని మీద ఏమేం ఖర్చుపెడతారో, వారానికి ఎన్ని గంటలు దాని ముందు కూర్చుంటారో ఒక తెల్లకాగితం మీద రాయండి. ఫోన్‌లో కాదు, మనసులో అసలే వద్దు. మనసులో వేసిన లెక్క ఎప్పుడూ మనకు కావాల్సిన జవాబు వైపే జారుతుంది.

ఒకే కన్సోల్, రెండు ఇళ్లు

2021 ఫిబ్రవరిలో సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ ధర 49,990 రూపాయలు. 2022 నవంబరులో అది 54,990 అయింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన స్లిమ్ మోడల్ కూడా అదే ధరకు వచ్చింది. లెక్క తేలిగ్గా ఉండేందుకు 55,000 అనుకుందాం.

ఇద్దరు అన్నదమ్ములున్న ఇల్లు ఒకటి తీసుకోండి. హాల్లో టీవీ ఉంది. ఆదివారం బాబాయి పిల్లలొస్తారు. అందరూ కలిసి ఆడేది ఫుట్‌బాల్ గేమ్. ఇంకో కంట్రోలర్ కొంటే 6,000. ఏటా కొత్త ఫుట్‌బాల్ గేమ్ నాలుగున్నర వేలకు కొన్నా అయిదేళ్లకు 22,500. ఒకే టీవీ ముందు కూర్చుని ఆడేవాళ్లకు ఆన్‌లైన్ చందా అక్కర్లేదు. మొత్తం 83,500. దాన్ని నలుగురు పిల్లలు పంచుకుంటున్నారు.

ఇప్పుడు ఇంకో ఇల్లు. ఒంటరిగా ఉండే ఉద్యోగి. స్నేహితులు బెంగళూరులో, డాలస్‌లో ఉన్నారు కాబట్టి ఆన్‌లైన్‌లో ఆడాలి. డబ్బు పెట్టి కొన్న గేమ్స్‌ను ప్లేస్టేషన్ మీద ఆన్‌లైన్‌లో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా తప్పనిసరి. 2023 సెప్టెంబరు పెంపు తర్వాత దాని మొదటి మెట్టే ఏడాదికి దాదాపు 4,000. అయిదేళ్లకు 20,000. ఈయన ఏటా మూడు పెద్ద గేమ్స్ విడుదలైన రోజే కొంటారు. ఒక్కోటి 5,000 చొప్పున పదిహేను గేమ్స్‌కు 75,000. ఈయన కూడా రెండో కంట్రోలర్ తీసుకుంటే మొత్తం 1,56,000 రూపాయలు.

కన్సోల్ అదే, షాపు ధర కూడా అదే. అయినా రెండో ఇంటి ఖర్చు మొదటి ఇంటికి దాదాపు రెట్టింపు. ఈ లెక్కలో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో చూడండి. అది 55,000 కాదు, 75,000. అంటే ‘కన్సోల్ చవకా, పీసీ చవకా’ అనే వాదన కంటే ‘విడుదలైన రోజే కొనాలి’ అనే అలవాటు ఎక్కువ బరువైనది. ఆయనే ఆరు నెలలో ఏడాదో ఆగి, సేల్‌లో సగం ధరకు కొంటే 37,500 మిగులుతుంది. ఆ డబ్బుతో టీవీయే మార్చుకోవచ్చు.

డిస్క్ మోడల్‌కూ డిజిటల్ మోడల్‌కూ అప్పట్లో తేడా 10,000. డిజిటల్ చవకని చాలామంది అటు మొగ్గుతారు. కానీ డిస్క్ ఉంటే ఆడేసిన గేమ్ అమ్మేసుకోవచ్చు, స్నేహితుడికి ఇచ్చి అతని డిస్క్ తెచ్చుకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవచ్చు. ఒక్కో గేమ్ మీద 2,000 తిరిగొచ్చినా అయిదు గేమ్స్‌తో ఆ తేడా పూడిపోతుంది. మన ఊళ్లలో డిస్కుల మారకం బాగానే నడుస్తుంది కాబట్టి, ఏటా రెండు మూడు గేమ్స్ కొనేవాళ్లు డిస్క్ మోడలే తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక పీసీ. 2024 నాటి ధరల్లో, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ కలిపి సుమారు 85,000 అనుకోండి. ఆన్‌లైన్‌లో ఆడటానికి చందా లేదు. స్టీమ్ ఆన్‌లైన్ స్టోర్ సేల్స్‌లో సగటున 1,500కు ఒకటి చొప్పున పదిహేను గేమ్స్ కొంటే 22,500. నాలుగో ఏడు కార్డు మార్చడానికి 25,000 పెట్టుకున్నా మొత్తం 1,32,500. ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబరు నుంచి ఉచితంగా ఇస్తూ వస్తున్న గేమ్స్ దీనికి అదనం. రెండో ఇంటి ఉద్యోగికి పీసీయే చవక పడింది. మొదటి ఇంటి అన్నదమ్ములకు మాత్రం పీసీ పెట్టెకే వాళ్ల అయిదేళ్ల ఖర్చు అయిపోతుంది.

అయితే ఇక్కడ నిజాయతీగా ఒక మాట చెప్పాలి. కన్సోల్ వైపు కొత్త ధరలు, పీసీ వైపు సేల్ ధరలు పెట్టి పోలిస్తే అది న్యాయమైన లెక్క కాదు. ప్లేస్టేషన్ స్టోర్‌లోనూ సేల్స్ ఉంటాయి. ఉద్యోగి ఓపిక పడితే కన్సోల్ ఖర్చు 1,18,500కు దిగుతుంది, అప్పుడు పీసీ కంటే తక్కువే. ఎవరైనా మీకు పోలిక చూపిస్తే రెండు వైపులా ఒకే కొలత వాడారా లేదా అని ముందు చూడండి. లెక్క తప్పకుండానే జవాబు తిప్పేయడం చాలా సులువు.

మూడో రకం ఆటగాడు కూడా ఉన్నాడు. మన కాలేజీ హాస్టళ్లలో ఎక్కువగా కనిపించేది అతనే. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 తప్ప వేరేవి ఆడడు. ఇవన్నీ ఉచితం. వాలరంట్‌ను 2020లో విడుదల చేసినప్పుడే పాత కంప్యూటర్ల మీద కూడా నడిచేలా తయారుచేశారు. అతనికి లక్ష రూపాయల పీసీ వద్దు, కన్సోల్ కూడా వద్దు. విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌తో 2024 నాటి ధరల్లో నలభై, నలభై అయిదు వేలలో అతని పని జరిగిపోయేది. కావాలంటే కార్డు తర్వాత వేసుకోవచ్చు. ఆ సౌకర్యం పీసీలోనే ఉంది, కన్సోల్‌లో లేదు.

ఇప్పుడు గంటలు. ఉద్యోగి వారానికి పది గంటలు ఆడితే అయిదేళ్లకు 2,600 గంటలు. 1,56,000ను దాంతో భాగిస్తే గంటకు 60 రూపాయలు. వారానికి మూడు గంటలే దొరికితే గంటకు 200. మీ ఊళ్లో గేమింగ్ కెఫెలో గంటకు ఎంత తీసుకుంటారో కనుక్కుని పక్కన రాసుకోండి. వారానికి మూడు గంటలు ఆడేవాళ్లలో చాలామందికి అసలు ఏదీ కొనక్కర్లేదని అప్పుడు తెలుస్తుంది. ఎన్ని గంటలు ఆడతారో ఊహించి రాయకండి. పోయిన నెల నిజంగా ఎన్ని గంటలు ఖాళీ దొరికిందో అదే రాయండి.

చవకగా ఇచ్చేవాళ్లు ఎక్కడ సంపాదిస్తారు?

ఈ లెక్క వెనకున్న వ్యాపారం తెలుసుకోవడం చాలా మేలు చేస్తుంది. కన్సోల్ తయారీ కంపెనీలు మొదటి ఏళ్లలో పెట్టెను తయారీ ఖర్చు కంటే తక్కువకు అమ్మడం ఈ రంగంలో మామూలే. 2006లో పీఎస్3 అలాగే వచ్చింది. పీఎస్5 డిస్క్ మోడల్ మీద ఇక నష్టం రావడం లేదని సోనీ 2021 ఆగస్టులో గానీ చెప్పలేకపోయింది. ఆ నష్టం గేమ్స్ మీద, చందాల మీద, తమ స్టోర్‌లో అమ్ముడయ్యే ప్రతి గేమ్ మీద తీసుకునే కమిషన్ మీద పూడుతుంది. ఆ కమిషన్ సాధారణంగా 30 శాతం.

దీనికి ఒక గొప్ప ఉదాహరణ అమెరికాలో జరిగింది. 2010లో ఆ దేశ వైమానిక దళ పరిశోధనశాల న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ పట్టణంలో ఒక సూపర్ కంప్యూటర్ కట్టింది. పేరు కాండోర్ క్లస్టర్. అందులో వాడినవి 1,700కు పైగా పీఎస్3 కన్సోళ్లు. సెకనుకు దాదాపు అయిదు కోట్ల కోట్ల లెక్కలు చేయగలిగిన ఆ యంత్రానికి అయిన ఖర్చు సుమారు 20 లక్షల డాలర్లు. అంత శక్తిని మామూలు పద్ధతిలో కొంటే ఎన్నో రెట్లు అయ్యేది. గేమ్స్ కొంటారన్న నమ్మకంతో సోనీ తక్కువకు అమ్ముతున్న పెట్టెను, ఒక్క గేమూ కొనని కొనుగోలుదారు వచ్చి వేలల్లో పట్టుకుపోయాడన్నమాట. పీఎస్3లో లినక్స్ వేసుకునే వీలుండటం వల్లే అది సాధ్యమైంది. అదే ఏడాది ఏప్రిల్‌లో సోనీ భద్రతా కారణాలు చెప్పి ఒక అప్‌డేట్‌తో ఆ వీలు తీసేసింది. ఆ పరిశోధకులు తమ కన్సోళ్లను అప్‌డేట్ చేయకుండా జాగ్రత్తగా చూసుకోవాల్సి వచ్చింది.

ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పెట్టె మీ ఇంట్లో ఉన్నా దానిలో ఏం నడవాలో నిర్ణయించే తాళం చెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. పీసీలో ఆ తాళం మీ చేతిలో ఉంటుంది. ఒక స్టోర్ నచ్చకపోతే ఇంకో స్టోర్‌కు వెళ్తారు. స్టీమ్ నడిపే వాల్వ్ మామూలుగా 30 శాతం తీసుకుంటుంటే ఎపిక్ 12 శాతానికే దిగింది. అలాంటి పోటీ ఒకే స్టోర్ ఉన్న కన్సోల్ మీద రాదు. అయితే తాళం మన చేతిలో ఉన్నప్పుడు కాపలా కూడా మనదే. డ్రైవర్లు, వైరస్‌లు, వేడెక్కే ప్రాసెసర్, నడుమ ఆగిపోయే విండోస్ అప్‌డేట్, అన్నీ మనమే చూసుకోవాలి. కొందరికి అది సరదా. కొందరికి తలనొప్పి. మీరు ఏ రకమో మీకు తెలిసే ఉంటుంది. ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ పాడైతే విప్పి చూస్తారా, ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తారా? ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసేవాళ్లలో తప్పేమీ లేదు. వాళ్లకు కన్సోల్ మంచిది.

చాలా తక్కువకు ఏదైనా దొరుకుతున్నప్పుడు, ఉచితంగా వస్తున్నప్పుడు, అవతలివాళ్ల సంపాదన ఎక్కడుందో వెతకండి. ‘నో కాస్ట్ ఈఎంఐ’లో కూడా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ మీద జీఎస్టీ ఉంటుంది. చిన్న మొత్తాలే కావచ్చు, కానీ అవి ఆ కాగితం మీదికి రావాలి.

పనితీరు ఎంత ఉంటే చాలు?

ఇక్కడ కుర్రాళ్లు అంకెల వెంట పరుగెడతారు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కన్సోల్ లెక్కల వేగం 12 టెరాఫ్లాప్స్, పీఎస్5ది 10.28. కాగితం మీద ఎక్స్‌బాక్స్ స్పష్టంగా ముందుంది. ఆచరణలో రెండింటి మీదా వచ్చిన చాలా గేమ్స్ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం, కొన్ని పీఎస్5 మీదే మెరుగ్గా నడిచాయి. యంత్రం అంటే ఒక్క అంకె కాదు. మెమరీ, స్టోరేజీ, సాఫ్ట్‌వేర్, అన్నిటికంటే ముఖ్యంగా ఆ గేమ్ రాసినవాళ్లు ఆ యంత్రాన్ని ఎంత బాగా అర్థం చేసుకున్నారన్నది లెక్కలోకి వస్తాయి. కన్సోల్‌కున్న పెద్ద బలం అదే. అన్ని పెట్టెలూ ఒకేలా ఉంటాయి కాబట్టి గేమ్ తయారుచేసేవాళ్లు దానికి తగ్గట్టు చెక్కగలరు. చాలా గేమ్స్‌లో పీఎస్5 పనితీరు ఆర్‌టీఎక్స్ 2070 సూపర్ కార్డు దగ్గర ఉంటుంది. ఆ పనితీరునిచ్చే పీసీని పీఎస్5 వచ్చిన రోజుల్లో 50,000కు కట్టడం కుదిరేది కాదు.

ఇప్పుడు మీ టీవీ వైపు చూడండి. ఫుల్ హెచ్‌డీ తెర మీద చుక్కలు 20 లక్షల 73 వేల 600. 4కే తెర మీద 82 లక్షల 94 వేల 400, అంటే సరిగ్గా నాలుగు రెట్లు. గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేమ్‌లోనూ ఆ చుక్కలన్నిటికీ రంగు నిర్ణయించాలి. మీ మానిటర్ ఫుల్ హెచ్‌డీ అయితే 4కే కోసం చేసిన కార్డు కొనడం వృథా. మీ టీవీ 60 హెర్ట్జ్‌ది అయితే కన్సోల్ 120 ఫ్రేములు ఇవ్వగలిగినా మీకు కనిపించేవి 60. కొనబోయే మిషన్ కంటే ముందు ఇంట్లో ఉన్న తెర వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు రాసుకోండి.

ఫ్రేముల సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్‌కు 33.3 మిల్లీసెకన్లు. 60కి పెంచితే 16.7. అంటే దాదాపు 17 మిల్లీసెకన్లు ఆదా, ఆ తేడా కొత్తవాళ్ల చేతికి కూడా తెలుస్తుంది. 60 నుంచి 120కి వెళ్తే ఆదా 8 మిల్లీసెకన్లు. 120 నుంచి 240కి వెళ్తే నాలుగే. ప్రతి మెట్టుకూ ఖర్చు పెరుగుతుంటే వచ్చే లాభం సగానికి సగం తగ్గుతోంది. ఆర్‌టీఎక్స్ 4060 విడుదల ధర 299 డాలర్లు, 4090ది 1,599 డాలర్లు. ధర అయిదు రెట్లు దాటింది, ఫ్రేములు అయిదు రెట్లు రావు. పోటీల్లో ఆడేవాళ్లకు ఆ నాలుగు మిల్లీసెకన్లు విలువైనవే కావచ్చు. మిగతావాళ్లు 60 దగ్గర గీత గీసుకుని, మిగిలిన డబ్బు మంచి కుర్చీకి పెడితే నడుముకు మేలు.

‘ఇంత చాలు’ అనే గీతను ఎక్కడ గీయాలో గున్‌పే యోకోయికి బాగా తెలుసు. ఆయన 1965లో జపాన్‌లోని నింటెండోలో చేరినప్పుడు అది పేక ముక్కలు తయారుచేసే కంపెనీ. ఆయన పని అక్కడి యంత్రాల మరమ్మతు. తర్వాత ఆటబొమ్మలు తయారుచేసే దాకా ఎదిగారు. అప్పటికే చవకైపోయిన, లోతుపాతులన్నీ తెలిసిన సాంకేతికతను తీసుకుని దానికి కొత్త వాడకం కనిపెట్టాలన్నది ఆయన సిద్ధాంతం. క్యాలిక్యులేటర్ల తెరలతో 1980లో గేమ్ అండ్ వాచ్ చేశారు. 1989లో గేమ్ బాయ్ తెచ్చారు. రంగులు లేవు, తెర వెనక వెలుగు లేదు. మరుసటి ఏడాదే సెగా కంపెనీ రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చింది. పక్కపక్కన పెడితే ఏది మెరుగో చంటిపిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ గేమ్ గేర్‌కు ఆరు బ్యాటరీలు కావాలి, అవి మూడు నుంచి అయిదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి నడిచేది. ప్రయాణంలో ఆడుకునే పిల్లవాడికి ఏది కావాలో యోకోయి ముందే ఆలోచించారు. గేమ్ బాయ్, దాని తర్వాతి రంగుల రూపం కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి దగ్గర ఆగింది. నాకు ఈ కథ ఎంతో ఇష్టం. ఆయన తక్కువతో సరిపెట్టుకోలేదు. ఎక్కడ తక్కువైనా ఫర్వాలేదో, ఎక్కడ కాకూడదో వేరుచేసి చూశారు.

పీసీ కొటేషన్ తీసుకునేటప్పుడు ఇది నేరుగా పనికొస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ మీ ఊరి కంప్యూటర్ షాపులో గానీ రంగురంగుల లైట్లున్న క్యాబినెట్‌కు రెండు వేలు ఎక్కువ పెట్టి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర అదే రెండు వేలు తగ్గించుకునేవాళ్లు ఉంటారు. లైట్లు లేకపోయినా గేమ్ నడుస్తుంది. కరెంటు హెచ్చుతగ్గులున్న మన ఊళ్లలో నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పాడైతే తనతోపాటు కార్డునూ బోర్డునూ తీసుకెళ్లొచ్చు. తగ్గించుకోవాల్సి వస్తే క్యాబినెట్ దగ్గర తగ్గించండి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర వద్దు.

ఆగడం, అడగడం

2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077 విడుదలైంది. ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు మొదటి రోజే పూర్తి ధరకు కొన్నారు. పీఎస్4 మీద అది ఎంత దారుణంగా నడిచిందంటే, వారం రోజులకే సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసి డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చేసరికి అదే గేమ్ అందరూ మెచ్చుకునే స్థితికి చేరింది. అప్పటిదాకా ఆగి సేల్‌లో కొన్నవాళ్లకు సగం డబ్బుకే మెరుగైన ఆట దొరికింది. పీసీ మీద కూడా ఇలాంటివి ఉన్నాయి. 2023 మార్చిలో ది లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం పీసీకి వచ్చినప్పుడు మొదటి వారాలు ఆడినవాళ్లకు నరకమే. స్నేహితులంతా ఒక గేమ్ గురించి మాట్లాడుకుంటుంటే మనం ఆడకుండా ఉండటం కష్టమే, ఆ బాధను నేను తక్కువ చేయను. ఏడాదికి ఒక్క గేమ్‌కు ఆ మినహాయింపు ఇచ్చుకోండి. మిగతావాటికి ఆగండి.

మిషన్ కోసం మాత్రం ‘ఆగితే ధర తగ్గుతుంది’ అనే పాత నమ్మకం ఇప్పుడు పనిచేయడం లేదు. పీఎస్2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చి 2002లో 199కి దిగింది. పీఎస్5 ధర అక్కడ 2025 ఆగస్టులో 50 డాలర్లు పెరిగింది. ఇక్కడ సంగతి పైన చెప్పాను. గ్రాఫిక్స్ కార్డులైతే 2021లో క్రిప్టో మైనింగ్ వల్ల ఆకాశానికెక్కాయి. 2022లో మళ్లీ కిందికి దిగాయి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఎగబాకాయి. కాబట్టి పైన నేను చెప్పిన పీసీ అంకెను పట్టుకుని షాపుకు వెళ్లకండి, ఆ వారం కొటేషన్ తెచ్చుకుని లెక్క మళ్లీ వేయండి. అవసరం ఉన్నప్పుడు, డబ్బు చేతిలో ఉన్నప్పుడు కొనండి. రేపటి ధర మీ చేతిలో లేదు.

సలహా అడగడంలో కూడా ఒక కిటుకు ఉంది. 1956లో జాక్ బ్రెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు మహిళల చేత గృహోపకరణాలకు మార్కులు వేయించాడు. తర్వాత వాటిలో రెండు చూపించి ఒకటి ఎంచుకోమన్నాడు. ఎంచుకున్నాక మళ్లీ మార్కులు వేయమంటే, తీసుకున్నదానికి మునుపటి కంటే ఎక్కువ, వదిలేసినదానికి తక్కువ వేశారు. వస్తువు మారలేదు, ఎంపిక చేసిన మనసు మారింది. అందుకే కన్సోల్ ఉన్నవాళ్లను ‘కన్సోల్ బాగుంటుందా’ అని అడిగితే బాగుంటుందనే చెబుతారు. పీసీ ఉన్నవాళ్లూ అంతే. వాళ్లు అబద్ధం చెప్పరు, నిజంగానే అలా అనిపిస్తుంది. కాబట్టి అభిప్రాయం అడక్కండి, జరిగింది అడగండి. “పోయిన నెల ఎన్ని గంటలు ఆడావురా?” “ఆఖరిసారి దేనికి డబ్బు కట్టావు?” “కొన్న గేమ్స్‌లో పూర్తిచేసినవి ఎన్ని?” ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో మీకు కావాల్సిన సమాచారం ఉంటుంది.

ఇంట్లో ఎలా అడగాలి?

‘చదువుకోసం మంచి కంప్యూటర్ కావాలి’ అని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. దయచేసి అలా చేయకండి. కోడింగ్ నేర్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదని నాన్నకు ఈరోజు తెలియకపోవచ్చు. తెలిసిన రోజున మీ మాట విలువ పడిపోతుంది, మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. నిజం చెప్పి అడగండి. “నాన్నా, ఇది ఆటల కోసమే. డిగ్రీ ప్రాజెక్టుకీ పనికొస్తుంది, కానీ అసలు కారణం ఆటే. అయిదేళ్లకు ఎంతవుతుందో రాశాను చూడండి. ట్యూషన్లు చెప్పి పాతిక వేలు దాచాను. మిగతాది మీరు ఇస్తారా, లేకపోతే ఇంకో ఏడాది ఆగి నేనే కొనుక్కోనా?” ఇలా అడిగిన కొడుకుకు నాన్న వద్దన్నా, ఆ రోజు నుంచి ఆయన చూసే తీరు మారుతుంది. కాగితం ఆయన చేతికిస్తే ఆయనా ఒక మాట అంటారు, ఆ మాట వినండి. మీకు తట్టని ఖర్చు ఆయనకు తట్టవచ్చు.

పీసీ వల్ల చదువుకు లాభం లేదనడం లేదు. బ్లెండర్, అన్‌రియల్ ఇంజిన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు మీ దగ్గరున్న పీసీలో ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు. వీడియో ఎడిటింగ్‌తో చేతిఖర్చులు సంపాదించుకునేవాళ్లున్నారు. ఆ లాభాన్ని లెక్కలోకి తీసుకోవడానికి ఒక షరతు పెట్టుకోండి. ఇప్పుడున్న పాత లాప్‌టాప్‌లో గానీ కాలేజీ ల్యాబులో గానీ మీరు సొంతంగా చేసింది ఏదైనా ఉందా? చిన్న ప్రోగ్రామ్ అయినా, రెండు నిమిషాల వీడియో అయినా చాలు. ఉంటే పీసీ ధరలో కొంత భాగం చదువు ఖాతాలో రాయండి. లేకపోతే రాయకండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆట వల్ల నిద్ర, చదువు, మాటామంతీ దెబ్బతింటున్నా పిల్లలు ఆపలేకపోతుంటే, అది కన్సోలా పీసీయా అన్న చర్చ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను వ్యాధుల జాబితాలో చేర్చింది, ఆ జాబితా 2022 నుంచి అమల్లో ఉంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఇందుకోసం 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. సిగ్గుపడకుండా డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లండి.

అమెరికా నుంచి బావగారు వస్తూ తెస్తానన్నారని సంబరపడేవాళ్లు వారంటీ సంగతి ముందే కనుక్కోవాలి. కన్సోల్ అక్కడ కొంటే వారంటీ ఇక్కడ వర్తిస్తుందనుకోవద్దు. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో కంపెనీని బట్టి మారుతుంది. చెడిపోతే మళ్లీ ఆయన వచ్చేదాకా పెట్టె అల్మారాలోనే ఉంటుంది.

అన్నీ విన్నాక ‘ఇంతకీ మీరేమంటారు’ అని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. హాల్లో టీవీ ఉండి, ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఆడే ఇంట్లో డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోలే కొనండి, రెండో కంట్రోలర్ కూడా అదే రోజు కొనండి. హాస్టల్లో ఉంటూ ఉచిత గేమ్స్ ఆడే విద్యార్థి గ్రాఫిక్స్ కార్డు లేని పీసీతో మొదలుపెట్టాలి. సొంతంగా ఏదో ఒకటి తయారుచేసే అలవాటు ఇప్పటికే ఉన్నవాళ్లు లక్షలోపు పీసీ తీసుకోవచ్చు. వారానికి మూడు గంటలు దాటని ఉద్యోగస్తులు ఆరు నెలలు కెఫెకు వెళ్లి చూడండి. ఆ ఆరు నెలల్లో ఎన్నిసార్లు వెళ్లారో, ఎంత కట్టారో ఆ కాగితం మీదే కింద రాస్తూ ఉండండి. ఆ మొత్తం తేలాక, కొనాలనే అనిపిస్తే అప్పుడు కొటేషన్ తీసుకోండి.